జగ్గమ్మ మడమ

రాజాంలో పసిబిడ్డలకు నీళ్ళు పోయాలంటే జగ్గమ్మే పోయాలి. చాచిన కాళ్ళ మీద బిడ్డను వేసుకుని, నూనె పట్టించి, ముక్కు తీర్చి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంటే ఎంత గోలపెట్టే గుంటడైనా కళ్ళు అరమోడ్చాల్సిందే. ఊళ్ళో ఎందరి బిడ్డలకో పోసింది గానీ, సొంత కూతురు విశాలికి కడుపు పండేసరికి ఏళ్ళు పట్టింది. ఆ మనవడికి నీళ్ళు పోసి పోతే చాలని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది పిచ్చితల్లి.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. బిడ్డకు బొడ్డు ఊడిన రోజే పెరట్లో నాచు మీద సర్రున జారింది. మడమ వెనక నరం పుటుక్కున తెగింది.

ఎముకల డాక్టరు సుహాసిని కట్టు వేసింది. "దీన్ని అకిలీస్ నరం అంటారమ్మా. కట్టుకి చుక్క నీరు తగలకూడదు."

"అకిలీసెవులమ్మా? డాక్టరా?"

"గ్రీకుల కథల్లో వీరుడు. ఏ ఆయుధం తగిలినా చావకూడదని వాళ్ళమ్మ పసివాడిగా ఉన్నప్పుడే మహిమ గల నదిలో ముంచిందట. మడమ పట్టుకుని ముంచింది కదా, అక్కడ మాత్రం నీరు తగల్లేదు. అక్కడే బాణం తగిలి పోయాడు. ఇంగ్లీషులో ఎవరి బలహీనతనైనా అకిలీస్ మడమ అంటారు."

"మనం కుంభకర్ణుడి నిద్ర అన్నట్టా?"

"అంతే."

జగ్గమ్మకు ఒళ్ళు మండింది. "ఓలమ్మా, అదేటి తల్లి! సెయ్యి మార్సి ఇంకోపాలి ముంచితే దాని సొమ్మేటి పోతాది?"

డాక్టరు పకపకా నవ్వింది. జగ్గమ్మకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి మంచమెక్కితే మందుల మత్తులో నాగావళి కనిపించింది. మోకాటి లోతు నీళ్ళలో ఓ పిల్లతల్లి, చేతిలో తలకిందులుగా బిడ్డ. నది మీద వెచ్చటి ఆవిరి. 'సెయ్యి మార్సే' అని ఒడ్డు నుంచి ఎంత అరిచినా ఆమె వినదు. ఇటు తిరిగితే విశాలి ముఖం. మధ్యాహ్నమంతా అదే కల, వస్తూ పోతూ.

మర్నాడు విశాలి, "ఇంకెవర్నైనా పిలుద్దామా అమ్మా?" అంది.

"ఎవులూ వొద్దు. నీ గుంటడికి నువ్వే పొయ్యి. నాను సెప్తాను."

జగ్గమ్మ పక్కనే బల్ల మీద కూచుంది. చాచిన కాళ్ళ మీద బిడ్డను వేసుకుని, జారిపోకుండా ఒక చేత్తో మడమలు పట్టుకుని విశాలి నీళ్ళు పోసింది. కాసేపటికి ఏడుపాగింది, వాడి కళ్ళు మూతపడ్డాయి. ఆ బరువు తన కాళ్ళ మీద లేదే అని జగ్గమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది.

"అయిపోయిందమ్మా," అని విశాలి తువ్వాలు అందుకోబోయింది.

"అవలేదే. నువ్వు పట్టుకున్న కాడ నీరు తగల్లేదు. సెయ్యి మార్సు."

విశాలి చెయ్యి మార్చింది. జగ్గమ్మ ముందుకు వంగి, చెంబులో మిగిలిన నీళ్ళు ఆ బుల్లి మడమల మీద పోసింది. తన కట్టు తడుస్తోందని తెలిసినా చెంబు ఆపలేదు.