ఖాలా చెప్పిన టీవీ

పోయిన వారం ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చిన బస్సు కండక్టరు మా ఇంటి ముందు ఆగి, ఖాలా చనిపోయిందని చెప్పిపోయాడు. ఆదరాబాదరాగా వెళ్లినా నేను చేరేసరికి మట్టి ఇచ్చేశారు. ఆమె నాకు చుట్టం కాదు. ఉదయగిరిలో మా పుట్టింటికి పక్కిల్లు. వాళ్ల అక్క పిల్లలు పిన్ని అనడానికి ఖాలా అని పిలుస్తుంటే మేమూ ఆ పిలుపే పట్టుకున్నాం. ఆమె గురించి మా వీధిలో మంచిగా మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే నేను రాయాల్సి వస్తోంది.

ఎనభైల నడిమిలో మా వీధికి టీవీ వచ్చింది మా ఇంటితోనే. వారానికోసారి హిందీలో హాస్యం సీరియల్ వేసేవాళ్లు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఖాలా పక్కన కూర్చుని తెలుగులో చెప్పేది. ఉన్నదున్నట్టు చెప్తే ఆమె ఖాలా ఎందుకవుతుంది? ఢిల్లీ ఆఫీసరును వింజమూరు గొర్రెల బేరగాడిని చేసేది. ఆయన పెళ్లాం నోట్లో మా వీధి తిట్లు పెట్టేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే తను మాత్రం నవ్వేది కాదు. టీవీలో వెనకాల నుంచి వినిపించే నవ్వులంటే ఆమెకు గిట్టదు. మనం నవ్వుతామని వాళ్లకే నమ్మకం లేదు, అందుకే వాళ్లే నవ్వుకుంటున్నారు అనేది. మనిషి జారిపడితే ఒకసారి నవ్వొస్తుందట, రెండోసారి పడితే డాక్టర్ని పిలవాలట. ఈ రోజుకీ టీవీలో ఎవరైనా అరటితొక్క మీద జారితే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆ ఏడే మా అవ్వకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, మూతి వంకరపోయింది. ఎవరైనా చూడవస్తే మొహం గోడకు తిప్పేసుకునేది. అందుకని టీవీని అవ్వ గదిలోకి మార్చి, బయటివాళ్లను రానివ్వడం మానేశాం. ఖాలా ఒక్కతే వచ్చేది. ఆమె చెప్పే మాటలకు అవ్వ నవ్వేది. జబ్బు తర్వాత ఆ నవ్వు కూడా మారిపోయింది. ఊపిరి లోపలికి లాగినట్టు మొదలై, సన్నగా పైకి లేచి, పడుచుపిల్ల నవ్వినట్టు తెగేది. అవ్వకు మిగిలింది అదొక్కటే.

అంతలో ఖాలా మొగుడు నడిపే లారీ మర్రిపాడు దాటాక తిరగబడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. మొగుడు పోయిన ఆడమనిషి వాళ్లలో నాలుగు నెలల పైన గడప దాటకూడదు, ఇద్దత్ అంటారు. ఆ వారం సీరియల్ వేళకు అవ్వ బాగున్న చేత్తో మంచం పక్క కిటికీని తట్టింది. ఆ కిటికీ ఖాలా వాళ్ల వాకిట్లోకి ఉండేది. అమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపేసింది. తర్వాతి వారం అవ్వ మళ్లీ తట్టింది. కాసేపటికి కిటికీ అవతల నుంచి, టీవీ మాటలు వింటూ, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, ఎవరు ఏమన్నారో ఖాలా చెప్పడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రాలేదు. అవ్వ మాత్రం నవ్వింది.

ఆ నవ్వు ఖాలా వాకిట్లో నుంచి వీధిలోకి పోయింది. మొగుడి మీద మట్టి తడి ఆరకముందే ఇంట్లో పకపకలేందని జనం అనుకున్నారు. వాళ్లవాళ్లూ అన్నారు, మావాళ్లూ అన్నారు. మరుదులు ఆమె గడప తొక్కడం మానేశారు. అమ్మ తట్టుకోలేక, నవ్వేది మా అత్త అని వీధంతా చెప్పి వస్తానని కిటికీ దగ్గరికి పోయి ఖాలాతో అంది.

"వద్దక్కా," అంది ఖాలా. "ఆ నవ్వు అవ్వదని తెలిస్తే అందరూ ఆమెను చూడను వస్తారు. ఆమె నోరు మూసుకుంటాది. ఇంక తెరవదు. నా పేరు పోతే పోనీలే."

ఎవరికీ చెప్పనని అమ్మ చేత ఒట్టు వేయించుకుంది. ఇద్దత్ ముగియకముందే అవ్వ పోయింది. మా ఇంట్లో శవం లేస్తుంటే ఖాలా గడప దాటలేక కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చినా టీవీ ముందు కూర్చోలేదు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు ఆమెను పిలిచేవాళ్లు కాదు. కుట్టుమిషను పెట్టుకుని ఒక్కతే బతికింది. వీధివాళ్లకు అదేమీ పట్టలేదు. ఆ వీధి మీద నాకు ఇంకా కోపం పోలేదు.

నా పెళ్లయ్యాక ఒకసారి ఖాలా నన్ను చూడను ఆత్మకూరు వచ్చింది. ఆ సాయంత్రం స్కూలు గ్రౌండులో హాస్యం పోటీలు. ఒక్కొక్కరే మైకు ముందు నిలబడి నవ్వించాలి. వద్దంటున్నా నేనే తీసుకుపోయి ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టాను. మొదటి ఇద్దరినీ విని, వీళ్లు జనం కంటే ముందు నవ్వేస్తున్నారని పెదవి విరిచింది. మూడోవాడు ఉదయగిరి అబ్బాయి, మా వీధి చివరి ఇల్లు. తెల్లచీర ముసుగేసుకుని, కిటికీ పట్టుకున్నట్టు నిలబడి, మొగుడు పోయిన సాయిబులావిడ టీవీ సీరియల్ చెప్తున్నట్టు మొదలుపెట్టాడు. అచ్చం ఖాలా గొంతు. ఒక్కో మాటకూ ఆగి నవ్వుతున్నాడు. గ్రౌండంతా ఊగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. స్టేజీ ఎక్కి వాడి ముసుగు లాగేద్దామని లేచాను. ఖాలా నా చెయ్యి పట్టుకుని లాగింది.

"కూచో పాపా. గొంతు బాగా పట్టినాడు."

"నువ్వు నవ్వలేదు గదా ఖాలా. చెప్పనీ నన్ను."

"నేను నవ్వలేదులే. ఆ నవ్వు విను," అంది. "వీధిలో నిలబడి ఎన్ని రోజులు విన్నాడో ఏమో. అది మీ అవ్వే."

అప్పుడు విన్నాను. ఊపిరి లోపలికి లాగి, సన్నగా పైకి లేచి, తెగింది. లేచినదాన్ని కూర్చుండిపోయాను.

జనం ఈలలు వేసి వన్స్‌మోర్ అని అరిచారు. వాడు ముసుగు సర్దుకుని మళ్లీ మైకు దగ్గరికి వచ్చాడు. నా పక్కన ఖాలా చెవి మీది కొంగు వెనక్కి తోసుకుని, కళ్లు మూసుకుని, కాస్త ముందుకు వంగింది.