బొత్తాల యాజకుడు

పోదనూరు రైల్వే కాలనీలో జెబరాజ్ తాత ఎదురుపడితే నమస్కారం పెట్టడానికి ముందే చొక్కాను చేత్తో కప్పుకోవడం శ్రేయస్కరం. ఆయన బొత్తాలు తీసుకుంటాడు. అడగడు. మన క్షేమం విచారిస్తూనే చిన్న కత్తెరతో పుటుక్కున తెంపి జేబులో వేసుకుంటాడు.

"ఏం తాతా ఇది?"

"నీకోసరం జెబం చెయ్యాల గదా కణ్ణు."

జెబమంటే ప్రార్థన; మా కాలనీ తెలుగులో తమిళం కలిసే ఉంటుంది. దీని వెనుక ఒక సిద్ధాంతం ఉంది. పూర్వం ప్రధాన యాజకుడు పన్నెండు గోత్రాల పేర్లు చెక్కిన రాళ్లను రొమ్ము మీద ధరించి దేవుని సన్నిధికి వెళ్లేవాడట. విశ్వాసులందరూ యాజకులే అయినప్పుడు, రైల్వేలో కీమ్యాన్‌గా ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచి వదులైన బోల్టులు బిగించిన తాను మాత్రం ఎందుకు కాకూడదు? రత్నాలకు స్తోమత లేదు కనుక పాత ఖాకీ కోటు రొమ్ము మీద వరుసకు మూడు చొప్పున పన్నెండు బొత్తాలు కుట్టుకున్నాడు. అందులో స్కూలు యూనిఫారం బొత్తాం ఉంది, నర్సు గౌను బొత్తాం ఉంది, ఒక తలగడ గలేబు బొత్తాం కూడా ఉంది. ఆ తలగడ ఎవరిదో ఆయన చెప్పడు.

న్యాయవాదిగా నమోదైన కొత్తలో నాకు ప్రతి అక్రమాన్నీ ఆ సాయంత్రంలోపే సరిచేయాలన్న తొందర ఉండేది. తాతను నిలదీశాను.

"వకాలతు లేకుండా ఒకరి తరఫున హాజరు కాకూడదు తాతా."

"నువ్వు కోర్టులో నిలుచుకోని ఇంకొకరికోసరం మాట్లాడతావు. నేను మోకాళ్లేసుకోని మాట్లాడతా. నాకు వకాలత్తు ఈ బొత్తామే పాపా."

"ఇది దొంగతనం. చట్టం చెప్పే ఐదు లక్షణాల్లో నాలుగు సరిపోయాయి."

"అయిదోది?"

"దురుద్దేశం."

"అది ఏ అంగట్లోనైనా దొరికితే చెప్పు, వాంగిక్కుంటా" అంటూ నా నల్ల కోటు మూడో బొత్తాం తెంపుకుని వెళ్లిపోయాడు. ఆ ఉదయమే నేను నా మొదటి కేసు ఓడిపోయి వచ్చాను.

ఇంతటితో అయిపోతే కాలనీ భరించేది. రెండు రోజుల తర్వాత ఆయన సూదీ దారంతో ఇంటికి వచ్చి, పోయినదాని స్థానంలో వేరే బొత్తాం కుట్టేవాడు. నల్ల కోటుకు ఎర్ర దారం, తెల్ల చొక్కాకు పచ్చ దారం. కుట్టడానికి అరగంట, కాఫీకి అరగంట. అంత శ్రమపడి కుట్టిన బొత్తాం వారం తిరిగేలోపు రాలిపోయేది. మళ్లీ వచ్చేవాడు. నా కోటుకు నాలుగుసార్లు వచ్చాడు. ఆ నాలుగు సాయంత్రాలూ ఆయనకు న్యాయశాస్త్రం బోధించానన్న తృప్తి నాకు మిగిలింది.

చర్చి సంఘ కార్యదర్శి నల్లసామిగారి కుమారుడి వివాహంతో వ్యవహారం ముదిరింది. ప్రమాణాలకు పది నిమిషాల ముందు తాత పెళ్లికొడుకు తండ్రి కోటుకున్న ఏకైక బొత్తాం తెంపాడు. ఫలితంగా ఆల్బంలోని రెండువందల ఫోటోల్లోనూ నల్లసామిగారు కడుపునొప్పితో బాధపడుతున్నవారిలా పొట్ట పట్టుకునే ఉన్నారు. ఖాకీ కోటును సంఘానికి అప్పగించాలని, తాత ఇక ఎవరికోసమూ ప్రార్థన చేయకూడదని ఆయన ఫిర్యాదు రాసిచ్చారు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టర్ మణిమారన్ అయ్యగారి ఎదుట విచారణ జరిగింది. తాత తరఫున నేను హాజరయ్యాను. ఆయన కోటును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"యాజకుడు అనేదానికి అభిషేకం ఉండాది అయ్యా. ఈయనకి ఎవురు చేసిరి?" అన్నారు నల్లసామిగారు.

అప్పుడు వెనుక బెంచీలోంచి నాగమ్మాళ్ లేచింది. ఆమె మా వీధిలోనే ఇడ్లీలు అమ్ముతుంది.

"అయ్యా, నాకు మీ కోవిల్ లేదు, మాది మారియమ్మ. ఒక మాట చెప్పి పోతా. మా ఇంటాయన పొయ్యి పదహారో దినం కర్మ అయినంక ఒక్కరూ మా వాకిలి తొక్కలే. ఈ అణ్ణ ఒక తలగడ బొత్తానికి తొమ్మిదిసార్లు వచ్చె. కుట్టేది బొత్తిగా రాదు ఆయనకి. అయినా కూర్చోని నేను చెప్పేదంతా వినె."

తొమ్మిదిసార్లు. నా బుర్రలో ఏదో కదిలింది. నా కక్షిదారునే నేను ప్రశ్నించడం మొదలుపెట్టాను. ఇది వృత్తి నియమాలకు విరుద్ధం.

"తాతా, ముప్పై ఏళ్లు మీరు బిగించిన బోల్టు ఒక్కటైనా ఊడిందా?"

"ఒక్కటి ఊడలే" అన్నాడు, కొంచెం రోషంగా.

"అయితే మీరు కుట్టిన బొత్తాం ఒక్కటైనా ఎందుకు నిలవదు?"

ఆయన పాస్టరుగారి వైపు, ఆపైన నేల వైపు చూశాడు.

"జెబం చెయ్యాలని వస్తే తలుపు మూసేస్తారు పాపా. బొత్తాం కుట్టాలని వస్తే కాఫీ ఇస్తారు. గట్టిగా కుడితే మళ్లీ ఎట్లా పొయ్యేది?"

ఒక్కొక్కరూ తమ చొక్కాల వైపు చూసుకుంటున్నారు. వేలాడుతున్న బొత్తాలు కనీసం ఎనిమిది నాకు కనిపించాయి.

నల్లసామిగారు మాత్రం వదల్లేదు. "నా కొడుకు కల్యాణం దినం నాకేం కష్టం ఉండెనని తెంపితివి?"

తాత లేచి ఆయన పక్కకు వెళ్లి మెల్లగా చెప్పాడు. మొదటి వరుసలో ఉన్నందువల్ల నాకు వినబడింది.

"ఆ దినమంతా నువ్వు వాకిలి దిక్కే చూస్తా ఉంటివి గదా తమ్ముడూ."

నల్లసామిగారికి చెల్లెలితో ఆరేళ్లుగా మాటలు లేవన్నది కాలనీ అంతటికీ తెలుసు. ఆమె పెళ్లికి రాలేదు. ఆయన కూర్చున్నారు. కళ్లద్దాలు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకుని మళ్లీ తుడిచారు.

"అయితే నా బొత్తాం కుట్టడానికి రానేలేదే?"

"మూడుసార్లు వస్తిని. కుక్కని వదిలితివి."

పాస్టరుగారికి దగ్గు వచ్చింది. దగ్గే అని నేను ప్రమాణపూర్వకంగా చెప్పలేను.

"రేపు సాయంత్రం కుక్కని కట్టేస్తా" అన్నారు నల్లసామిగారు. "కానీ అణ్ణా, దారం మాత్రం పచ్చది వద్దు."

ఫిర్యాదు ఉపసంహరణ అయింది. ఖాకీ కోటు దాని యాజకుడి వద్దే ఉంది. నల్లసామిగారి ఇంటికి తాత అప్పటినుంచి ఐదుసార్లు వెళ్లాడు. అయిదోసారి నల్లసామిగారి చెల్లెలే కాఫీ పెట్టిందని వినికిడి.

నా కోటు మూడో బొత్తాం మాత్రం ఎర్ర దారం మీద ఇంకా వేలాడుతోంది. నిన్న అమ్మ దాన్ని గట్టిగా కుట్టేస్తానని సూది తీసింది. నేను అభ్యంతరం తెలియజేశాను.