వేలితో తోసి చూసే మనిషి

ఇది చదివే మీరంతా బాగున్నారా? బీపీ ఉన్నవాళ్లు మాత్ర వేసుకున్నారా? మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్ల దగ్గర కమ్మీ పట్టుకునే దిగుతున్నారా? పిల్లల దగ్గులు తగ్గాయా? ఏమీ అనుకోకండి, అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. మా మరిది పోయాడు. నందిగామ నుంచి తోటికోడలు ఫోన్ చేసి, "కాఫీ కలుపుకొచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారక్కా" అంది. అప్పటినుంచి జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఏది చూసినా ఒరుగుతున్నట్టే ఉంటోంది.

ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. రిటైరయ్యాక, మేడలు కట్టేవాళ్లు పునాది తవ్వకముందే ఆయన దగ్గరికి వచ్చేవారు. ఎంత ఎత్తు మేడనైనా మొదట నేలలో పాతిన ఒక్క కర్ర అనుకోవాలనేవాడు. గాలి తోస్తే కొస ఎంత జరుగుతుంది, మొదలు దగ్గర ఎంత బలం కావాలి, అది తేలాకే గదులూ గోడలూ. కాగితం వెనక నాలుగు వరసల్లో తేల్చేవాడు. "ఇది ఉజ్జాయింపే వదినా. కానీ రేపు కంప్యూటర్ చెప్పేది దీనికి మరీ దూరంగా ఉంటే, ఎక్కడో తప్పు పడ్డట్టే."

మా ఇంటికొస్తే చెయ్యి ఊరుకునేది కాదు. దొంతరగా పెట్టిన గ్లాసులు, దండెం గెడ, ఏదైనా సరే, కొసను ఒక్క వేలితో తోసి ఎక్కడ వంగుతుందో చూసేవాడు.

"పడితే నువ్వే ఏరాలయ్యా!"

"పడనిస్తానా వదినా!"

గ్లాసులు పడ్డాయి కూడా. ఆయనే ఏరాడు.

మా అమ్మాయి నందిగామలో హైవే పక్కన మేడలో పై అంతస్తు ఫ్లాటు కొంది. ఆ మేడకు మొదటి లెక్క ఆయన మా వసారాలోనే కూర్చుని వేశాడు. నేను ఊరుకుంటానా?

"కింద కార్లకని గోడల్లేకుండా వదిలేస్తే కాళ్లు బలహీనమవ్వవూ?"

"అది చూశాలే."

"నెత్తిన నీళ్ల ట్యాంకు?"

"అదీ చూశా."

"తుఫానొస్తే?"

తోటికోడలు నవ్వింది. "అక్కని జీతమిచ్చి పెట్టుకోండి!"

ఆయన నవ్వలేదు. "అడగనీ. లెక్కలో జారిపోయేది మనం భయపడనిదే."

పుట్టినప్పటినుంచీ నా భయాన్ని అందరూ కసిరారు. కూర్చుని విన్నది ఆయనొక్కడే.

ఆ రోజే వంటింటి కిటికీలో కరివేపాకు కుండీలో ఒక చీపురుపుల్ల గుచ్చి, కొస తోసి వదిలాడు. అది ఊగి ఊగి నిలబడింది. "ఊగడం తప్పు కాదు వదినా. తిరిగొస్తుందా లేదా, అదీ చూడాల్సింది."

"నువ్వు పక్కనుంటేనే ఆ మేడ ఎక్కుతా" అన్నాను. "ఇద్దరం కలిసే ఎక్కుదాం" అని మాటిచ్చాడు. ఇదిగో, ఇప్పుడు లేడు. పెద్దకర్మకు వెళ్లినప్పుడు కూడా ఆ మేడ వంక చూడలేక తల దించుకునే వచ్చేశాను. అమ్మాయి అలిగింది.

పుల్లను తియ్యలేదు. పొయ్యి ముందు నిలబడితే వెనక ఎవరో ఉన్నట్టుంటుంది. నిన్న కిటికీ మూసే ఉంది, గాలి లేదు. పుల్ల కొస కదులుతోంది. "ఏమయ్యా, నువ్వేనా?" అన్నాను. కాసేపటికి పుల్ల నిటారుగా నిలబడింది. అంతదాకా నేను ఊపిరి పీల్చలేదు.

అమ్మాయికి ఫోన్ చేశాను.

"వస్తున్నానే."

"నిజంగానా! ఎవరితో అమ్మా?"

మీ బాబాయితో అనబోయి, మాట మింగేశాను. "ఒక కుండీ తెస్తున్నా. బాల్కనీలో చోటు చూసిపెట్టు."

ఒళ్లో కుండీ పెట్టుకుని, పుల్ల విరగకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని వెళతాను. వచ్చే గురువారం, పొద్దుటి బస్సుకి.