తోడి ఆలాపనలో దగ్గు

ఢిల్లీలో శాస్త్రీయ సంగీతం మాత్రమే వినిపించే ప్రభుత్వ రేడియో చానెల్‌లో నేను క్యాజువల్ అనౌన్సర్‌ని. మా ఆయన సైన్యంలో ఉండటం వల్ల కంటోన్మెంట్‌లో కాపురం. కర్ణాటక సంగీతం ఉన్న పూట నాకు డ్యూటీ వేస్తారు. పేర్లు చదివి, పాత రికార్డింగు వదిలి, అది అయ్యేదాకా గాజు గదిలో ఒక్కదాన్నే కూర్చోవాలి.

ఒక ఉదయం, ఏనాడో పోయిన ఒక పెద్ద విద్వాంసుడి తోడి రాగం వేశాను. అది ముగియగానే ఫోన్ మోగింది.

"తెలుగమ్మాయివే కదూ? పేర్లు పలికిన తీరులోనే తెలిసింది" అంది ఒక ముసలి గొంతు. "ఆ తోడి మళ్ళీ వెయ్యొద్దమ్మా. అందులో మా ఆయన దగ్గుతాడు."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఆలాపన పైకి వెళ్ళి ఆగిన చోట, తంబూరా వెనక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరో దగ్గారు. ఎన్నోసార్లు వేసిన రికార్డింగే. ఎప్పుడూ నా చెవిన పడలేదు.

ఆ ఆదివారం, ఫోన్‌లో అడిగి రాసుకున్న అడ్రసు పట్టుకుని, ఆవిడను చూడటానికి మెట్రోలో ఫరీదాబాద్ వెళ్ళాను. ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తలుపు తీసిన కూతురు, "మమ్మీ, రేడియోవాలీ దీదీ" అని కేకేసి లోపలికి వెళ్ళిపోయింది. గదిలో మా చానెలే వినిపిస్తోంది.

"మా ఆయన మీ రేడియోలోనే తంబూరా వేసేవాడమ్మా. పేరు చదివేవాళ్ళు కాదులే" అన్నారు ఆవిడ. "నాకేమో ఎప్పుడూ నైట్ డ్యూటీలు. నేను ఇంటికొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయేవాడు. నా ముందు ఒక్కసారి కూడా దగ్గలేదు, ఎలా ఆపుకున్నాడో. ఒకరోజు నాకు పగలు డ్యూటీ పడింది. నర్సుల గదిలో రేడియోలో ఈ తోడే వింటున్నా. దగ్గాడు. ఛాతీ జబ్బుల వార్డులో పని చేసినదాన్ని కదా, ఆ ఒక్క దగ్గుతోనే అర్థమైపోయింది. ఆ చలికాలం దాటలేదు."

రేడియోలో ఎవరో సితార్ వాయిస్తున్నారు.

"రేడియో కట్టేస్తే సరిపోతుంది కదా ఆంటీ?"

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "ఎలా కట్టేస్తానమ్మా? నేను విననప్పుడు దగ్గితే?"

తిరుగు ప్రయాణమంతా ఆ మాటే నా వెంట వచ్చింది. మర్నాడు మా ఇంజనీర్‌ని అడిగాను. దగ్గు తీసేయడం చిటికెలో పని అన్నాడు. వెంటనే ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను.

"వద్దులే" అన్నారు. "అది తీసేస్తే ఆయన అక్కడ ఉన్నట్టు ఏం గుర్తు? ఉంచెయ్. వేసే ముందు మాత్రం చెప్పు."

చలికాలంలో ఆ తోడి మళ్ళీ నా డ్యూటీలోనే వచ్చింది. ముందు రోజే ఆవిడకు చెప్పాను. ఆ ఉదయం గాయకుడి పేరు, వయొలిన్, మృదంగం చదివాక, "తంబూరా" అని ఆయన పేరు కూడా చదివాను. ఎవరి అనుమతీ అడగలేదు. ఆ చోటు దగ్గరవుతుంటే హెడ్‌ఫోన్స్ చెవులకు అదిమి పట్టుకున్నాను. ఆయన దగ్గాడు. పాట సాగిపోయింది.

ఫోన్ రాలేదు. కొన్నాళ్ళకు నేనే చేస్తే కూతురు తీసింది.

"మమ్మీనే రేడియో బంద్ కర్ దియా దీదీ. ఆ రోజు మొత్తం వినింది, ఆఫ్ చేసింది, చర్చ్‌కి వెళ్ళింది. మళ్ళీ పెట్టలేదు."

"ఆంటీ బాగానే ఉన్నారా?"

"ఠీక్ హై. బాగా నిద్రపోతోంది ఇప్పుడు."

నాకు మాత్రం అప్పటినుంచి పాట ఒక్కటే వినిపించడం మానేసింది. గాజులు కదులుతాయి. ఎవరో కాలు మార్చి కూర్చుంటారు. ఎవరో ఊపిరి బిగబడతారు. మొన్న ఒక వీణ కచేరీలో, రెండు కీర్తనల మధ్య ఒక ఆడమనిషి సన్నగా "ఇక చాలు" అన్నట్టు వినిపించింది. వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. ఇంజనీర్‌ని పిలిచి వినిపించాను.

"అచ్ఛా? ఏమీ లేదు మేడమ్" అన్నాడతను.

ఆ మాట మళ్ళీ వినే ధైర్యం లేక, ఆ వీణ ప్రసారమయ్యే రోజున నా డ్యూటీ మార్పించుకున్నాను.