ముసుగేసిన కంప్యూటరు

మొన్న గుడివాడలో మా కోడలు లాప్‌టాప్‌ని దిండు మీద పెట్టుకుని పనిచేసుకుంటుంటే, ముట్టుకుని చూసి, కాలిపోతోందని కింద ఒక చెక్కపీట పెట్టాను. మీకివన్నీ ఎలా తెలుసు మావయ్యగారూ అని ఆ అమ్మాయి నవ్వింది గాని, నా మనసు మాత్రం బందరులో మా అన్నయ్య వాళ్ళ ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో కంప్యూటరు ఉందంటే గొప్పగా చెప్పుకునే రోజులవి. నాగాయలంక దగ్గర పల్లెలో పుట్టిన మా వదిన, పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, దూరవిద్యలో ఎం.ఏ. మొదలుపెట్టింది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టును ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే టైపు చేసుకునేది. శనివారంలోగా ఇవ్వకపోతే ఏడాది చదువంతా వృథా. సరిగ్గా ఆ వారమే కంప్యూటరు అరగంటకోసారి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది.

నేను కాలేజీ గడప తొక్కకపోయినా, శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్ల మీద ఉన్న రెండు పుస్తకాలనీ నోట్సు రాసుకుని మరీ చదివినవాణ్ణి. వేడెక్కితే ఆగిపోతుందని వాటిలో ఉంది. పెట్టె విప్పి, రంగులేసే కుంచెతో దుమ్ము దులిపి, లోపలి ఫ్యాను తుడిచాను. నా ముందు గంటసేపు చక్కగా నడిచింది, నేను ఇంటికెళ్ళగానే మళ్ళీ ఆగింది. మూడుసార్లు ఇదే తంతు. చివరికి మదర్‌బోర్డు పోయిందని, చదివిన చదువంతా గొంతులోకి తెచ్చుకుని తీర్పు చెప్పాను. వదిన, చేతిరాత తీసుకోరని తెలిసి కూడా, తెల్లకాగితాలు ముందేసుకుని రాయడం మొదలుపెట్టింది.

రేడియోలు బాగుచేసే ముస్లిం పెద్దాయన ఒకరుండేవారు, మా వీధి మొత్తానికీ మావయ్యే. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదంటూనే అన్నయ్య మాట కాదనలేక వచ్చారు. స్క్రూడ్రైవరు తియ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, రోజూ ఎలా చేసుకుంటావో అలాగే చెయ్యమ్మా, చూస్తానన్నారు. వదిన స్విచ్చి వేసింది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని, అంచుకి లేసు అల్లి తను కుట్టుకున్న మందపాటి ముసుగుని, ఎప్పటిలాగే, పెట్టె మీది నుంచి వెనక వైర్ల దాకా శ్రద్ధగా లాగి, అప్పుడు టైపు మొదలుపెట్టింది.

మావయ్య ఆ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు.

“మా పెళ్ళికూతురికి కూడా ఇంతసేపు ముసుగుంచరమ్మా. దీనికి గాలాడొద్దూ?”

వదిన నాలిక్కరుచుకుంది. నాకైతే తలెత్తాలనిపించలేదు. అది గమనించారేమో, నా వైపు తిరిగి, తప్పు నాది కానే కానట్టు అన్నారు.

“నువ్వు చూసినప్పుడల్లా ముసుగు తీసే చూశావు గదా బాబూ, నీకెలా కనబడుద్ది?”

శుక్రవారం సాయంత్రానికల్లా వదిన ఆఖరి పేజీ ముగించింది. ఆ ఎం.ఏ.తోనే తర్వాత లెక్చరరైంది.

ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది ఏ లైబ్రరీలోనూ నాకు దొరకలేదు. చాలా ఏళ్ళు ఎవరింట్లో ఏ యంత్రం మొరాయించినా, ముందు ఆ ఇంటివాళ్ళు దాన్ని వాడుతుంటే కూర్చుని చూశాకే చెయ్యి వేసేవాణ్ణి. ఇప్పుడంతా ఫోన్లోనే అడుగుతున్నారు, నేనూ ఫోన్లోనే చెప్పేస్తున్నాను. వెళ్ళి కూర్చుని చూడటం ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు.