దర్వాజకు కట్టిన సేమ్యా చెట్టు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఏ కోరికా ఉండేది కాదు, నిద్ర తప్ప. వయసు పాతికలోపు, ఊరు ఇచ్చోడ. ఆ వయసులో మిగతా అమ్మాయిలు ఏమేం కలలు కంటారో నాకు తెలియదు. కలలు కనాలంటే ముందు నిద్ర పట్టాలి కదా. మాది సిరిసిల్ల. సాంచెల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని. (సాంచె అంటే మరమగ్గం. పక్కగదిలో అది టకటకలాడుతుంటేనే మా ఇళ్లలో పిల్లలు నిద్రపోతారు. కరెంటు పోయి ఆగిందంటే లేచి ఏడుస్తారు.) ఇచ్చోడలో నా అద్దెగది చుట్టూ ఒకటే నిశ్శబ్దం. రాత్రంతా మంచం మీద దొర్లడం, పొద్దున్నే ఆఫీసు, అక్కడి నుంచి ఊళ్ల మీదికి తిరుగుడు, సాయంత్రం దుమ్ము కొట్టుకుని మళ్లీ గదికి. ఇక నా వల్ల కాదని కరీంనగర్‌కు బదిలీ కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. దాని మీద మా ఆఫీసు పెద్దమేడం సంతకం ఒక్కటి పడితే చాలు, ఇంట్లో ఉండి ఉద్యోగానికి పోయి రావచ్చు.

పెద్దమేడం మంచి మనిషే. ఆవిడ ప్రాణమంతా తన గది కిటికీ పక్కన వేలాడే ఒక మొక్క మీద ఉండేది. ఆకు అనేదే లేదు, సన్నటి పచ్చని తీగలు గుత్తులుగా కుండీ అంచు దాటి కిందికి జారుతుండేవి. మేము దాన్ని సేమ్యా చెట్టు అనేవాళ్లం (ఆవిడ వినకుండా). కూతురి కాన్పుకని సెలవు మీద వెళ్తూ, ఆఫీసుకు సున్నాలు వేస్తున్నారు గనక, ఆ కుండీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అది కాక్టస్ జాతేనట, కానీ ఎడారిది కాదట, వానలు పడే అడవుల్లో చెట్లకొమ్మలు పట్టుకుని బతుకుతుందట. వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు. మట్టిలో వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్లు పోయాలి. నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి, మరీ ఎండితే తీగలు ముడుచుకుపోతాయి. మా అవ్వ నన్ను పెంచినప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు తీసుకోలేదు. చివర్లో మేడం, "నేనొచ్చినంక నీ ట్రాన్స్‌ఫర్ సంగతి చూద్దాం తియ్యి" అంది. అది బతికితేనే నేను ఇల్లు చేరేదని అర్థమైపోయింది.

నా గదికి ఉన్న కొక్కెం ఒక్కటే, దర్వాజ మీద. వరండా నీడ, చక్కని వెలుతురు, అంతా మేడం చెప్పినట్టే ఉందని అక్కడ తగిలించాను. అది చూసి మా ఇంటి అవ్వ (అంటే ఇల్లుగలామె) ఎంత మురిసిపోయిందో చెప్పలేను. అది దిష్టికి కలబంద వేలాడదీసే కొక్కెమట. నేను దిగినప్పటి నుంచి ఖాళీగా ఉందని ఆమెకు ఒకటే పరేషాన్. పిల్లకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకుని, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కుండీకి పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టేసింది. ఇది దిష్టిది కాదని చెప్పాలి. చెప్పాలంటే కూర్చోవాలి. కూర్చుంటే చాయ్ పెడుతుంది, చాయ్ తాగితే మా చుట్టాలందరి మంచిచెడ్డలూ చెప్పాలి. అంత ఓపిక ఎక్కడిది? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రానే లేదు.

నీళ్లు పోయబోతే చెంబు లాక్కుంది. దిష్టికి కట్టినదానికి నీళ్లు పోయరట. అది ఎంత ఎండితే అంత మంచిదట. తీగలు ముడతలు పడుతున్నకొద్దీ నాకు గుండె దడ, ఆమెకు సంబరం. ఎంత దిష్టి గుంజుకుంటున్నదో చూడండని వాడకట్టు ఆడవాళ్లను పిలిచి మరీ చూపించేది. ఆమె పాలకు పోయినప్పుడల్లా నేను దొంగలాగా ఒక గ్లాసు నీళ్లు పోసి వచ్చేదాన్ని. అప్పటికి నా ముఖం కూడా ఆ తీగల్లాగే తయారైంది. దాన్ని చూసి మాత్రం ఎవరూ సంతోషించలేదు.

మర్నాడు మేడం వస్తుందనగా అమావాస్య వచ్చింది. సాయంత్రం వెలుగుండగానే గదికి చేరి తలెత్తితే, కొక్కేనికి కొత్త కలబంద తలకిందులుగా వేలాడుతోంది. అమావాస్యకు పాతది తీసి కొత్తది కట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. నాకే గుర్తు లేదు.

"పాతది మూడు బాటల కాడ ఏసొచ్చిన బిడ్డా. ఎన్కకు గూడ సూడలే" అంది ఇంటి అవ్వ, నా పని కూడా తానే చేసిపెట్టిన తృప్తితో.

పరుగెత్తాను. మూడు బాటల నడుమ కుండీ కుండీలాగే ఉంది. దిష్టి తీసి పారేసినదాన్ని ఎవరు తొక్కుతారు? జనం, బండ్లు అన్నీ దాన్ని తప్పించుకుని పోతున్నాయి. ఇచ్చోడ మొత్తంలో అంత భద్రమైన చోటు ఇంకొకటి ఉండదు. నేను దాన్ని ఎత్తి చంకన పెట్టుకోగానే మాత్రం అందరూ నన్ను కూడా తప్పించుకుని పోవడం మొదలుపెట్టారు. బైకు మీద వస్తున్న ఒకాయన నన్ను చూసి ఆగి, బండి తిప్పుకుని వేరే సందులోంచి వెళ్లిపోయాడు.

ఇంటి అవ్వ దర్వాజకు అడ్డంగా నిలబడింది. "గది పట్టుకోని నా గడప తొక్కినవంటే, రూం ఖాళీ చేసుడే."

ఆ ఊళ్లో ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే. కుండీని ఒళ్లో పెట్టుకుని గడప బయట కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

"అవ్వా, గిది దిష్టిది కాదు, మా మేడంది. గిది లేకుంటే నన్ను మా ఇంటికి పోనియ్యరు."

"పరాయోళ్ల చెట్టు దెచ్చి దర్వాజకు కడితివి. నాకొక్క మాట చెప్పకపోతివా బిడ్డా" అని ఇంటి అవ్వ లోపలికి పోయి ఉప్పు, మిరపకాయలు, బకెట్ నిండా పసుపునీళ్లు తెచ్చింది. ముందు మొక్కకు దిష్టి తీసింది, తర్వాత నాకు తీసింది. (దిష్టి చెట్టుకే దిష్టి తీయడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.) ఆ నీళ్లు ఇద్దరి మీదా గుమ్మరించి, ఆరేదాకా బయటే కూర్చోబెట్టి, అన్నం కూడా అక్కడికే తెచ్చి పెట్టింది.

మర్నాడు ఆఫీసులో మేడం కళ్లద్దాలు సర్దుకుని తీగలన్నీ పైకీ కిందికీ చూసింది. తీగల కొసలకు సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి మొగ్గలు ఉన్నాయట. ఏడుపులో నేను చూడనే లేదు. నీళ్లు తగ్గి ఎండగట్టినందుకే మొగ్గ వేసిందో ఏమో.

"ఇన్నేండ్ల సంది నా దగ్గర ఒక్క పువ్వు పూయలే. ఏం చేసినవమ్మా?"

ఏం చేయలేదని నిజమే చెప్పాను. అది వినయం అనుకుంది. సొరుగులోంచి నా దరఖాస్తు తీసి, ఒకసారి చదివి, మళ్లీ సొరుగులోనే పెట్టేసింది. "నువ్వు పోతే దీన్నెవరు చూస్తరు? ఇంకొన్నేండ్లు ఉండు" అంది ఎంతో ప్రేమగా.

ఉన్నాను. ఇప్పుడు కరీంనగర్‌లోనే నా ఉద్యోగం, బదిలీ దరఖాస్తులు నా బల్ల మీదికే వస్తాయి. ఒక్కోసారి సంతకం పెడుతుంటే, కుండీ పసుపు అంటిన చీరతో, మూడు బాటల కాడి నుంచి దాన్ని ఎత్తుకొస్తున్న పిల్ల గుర్తొస్తుంది. ఆపి చెవిలో చెప్పాలనిపిస్తుంది: "ఒసే పిచ్చిదానా, దాన్ని అక్కడే వదిలెయ్యి. కోపం వచ్చి మేడమే నిన్ను రేపు కరీంనగర్ బస్సు ఎక్కిస్తది." చెప్పినా అది వినేలా లేదు. అంత అలసటలోనూ, తీగ ఒక్కటి విరగకుండా చూసుకుంటూ నడుస్తోంది.