మా మోడల్లో నాట్లేస్తున్న మల్లేశం

వరికి మద్దతు ధర పెంచితే ఏ పల్లెలో ఎంతమందికి పని దొరుకుతుందో లెక్కగట్టే మోడల్ ఒకటి మూడు నెలలుగా తయారు చేస్తున్నాను. ఇవాళ ఇక్కడ గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని మా ఆఫీసులో అది మొదటిసారి ఏ ఎర్రరూ లేకుండా నడిచింది. ఆనందం పట్టలేక, టీ తెచ్చిన మల్లేశన్నకే చూపించాను. అతనిది జగిత్యాల దగ్గర పల్లె.

"చూడన్నా, ధర పెరిగితే మీ ఊరివాళ్ళు గల్ఫ్‌కి రానక్కర్లేదు. అందరికీ పొలంలోనే పని."

"అండ్ల నేను గూడ ఉన్ననా సార్?"

"నీ పేర పట్టా పాసుపుస్తకం ఉందిగా? అయితే ఊళ్ళో సేద్యం చేస్తున్నట్టే లెక్క."

మల్లేశన్న టీ కప్పు బల్ల మీద పెట్టి, స్క్రీన్ వైపు వేలు చూపించాడు.

"అయితే గా మల్లేశాన్ని రేపు ఈడికి డ్యూటీకి తోలియ్యుండ్రి సార్. నేను పోయి నాటేసొస్త. మా ఇంటామె ఒక్కతే ఆగమైతాంది."

మూడు నెలల మోడల్ మళ్ళీ మొదటికొచ్చింది. ఇక్కడ డ్యూటీ చేస్తూ, కాగితాల మీద ఊళ్ళో నాట్లేస్తున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో కామెంట్లలో చేతులెత్తండి. రేపు పొద్దున్నే మిమ్మల్నందర్నీ పొలాల్లోంచి బయటికి లాగాలి.